అప్‌డేట్: వాకిట్లో ఏ మొక్కలు వేయాలని అడిగాను కదా

ప్రహరీ పక్కన నాలుగడుగుల జాగా ఉంది, మామిడి వేయనా అని కిందటేడు జూన్‌లో అడిగాను. ఇరుకులో వద్దు, చిన్న చెట్లు వేయమన్నారు. పారిజాతం, నందివర్ధనం, కరివేపాకు వేశాం.

పారిజాతం ఈ ఆశ్వయుజంలో విరగబూసింది. తెల్లారేసరికి నేలంతా తెల్లటి రేకులు, నారింజ రంగు కాడలు. అమ్మ రోజూ పళ్ళెం నిండా ఏరుతోంది. నందివర్ధనానికి నీళ్ళు తప్ప ఏమీ చేయలేదు.

కరివేపాకే టెన్షన్ పెట్టింది. చిగుళ్ళ మీద పిట్ట రెట్టల్లా ఏవో కనిపించాయి. కదిలితే గానీ పురుగులని తెలియలేదు! పెద్దయ్యాక పచ్చగా మారాయి. నిమ్మజాతి చెట్ల మీద పెరిగే సీతాకోకచిలుకల పిల్లలట. వంటకు కోసుకునే ఆకు కదా, మందు కొట్టలేదు. రెండు కొమ్మలు వాటికే వదిలేశాం. మళ్ళీ చిగురేసింది.

సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.