పాటలన్నీ ఊరికే పెట్టేద్దామా? ఇండియన్ ఓషన్ బ్యాండ్ దారి మనకు నప్పుతుందా?

కోటగుమ్మం_గిటార్, విజయనగరం:
నలుగురం కలిసి రెండేళ్లుగా వాయిస్తున్నాం. సొంత పాటలు ఆరు రికార్డయ్యాయి. అందులో రెండు జముకుల బాణీ మీద కట్టినవి (జముకు అంటే మన పల్లెల్లో కథలు పాడేవాళ్లు మీటే తీగ వాద్యం). ఇప్పుడు మా గొడవంతా ఒక్కటే. ఉచితంగా డౌన్‌లోడ్‌కి పెట్టేద్దామని నేను, వద్దని మా డ్రమ్మర్.

ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ 2010లో ‘16/330 ఖజూర్ రోడ్’ ఆల్బమ్‌లోని ఏడు పాటల్నీ నెలకొకటి చొప్పున ఊరికే ఇచ్చేసింది. ఆ పేరు కరోల్ బాగ్‌లో వాళ్లు రిహార్సల్ చేసుకున్న ఇంటి చిరునామా. అంతటివాళ్లే ఊరికే ఇస్తే మనం పాటకు పది రూపాయలు అడగడం ఏం బాగుంటుంది?

ఆర్కెస్ట్రా_కీబోర్డు, శ్రీకాకుళం:
‘అంతటివాళ్లే’ అన్నావు చూడు తమ్ముడూ, కిటుకంతా అక్కడే ఉంది. అది 1990లో మొదలైన బ్యాండ్. 1993లో మొదటి ఆల్బమ్, 1997లో ‘డెజర్ట్ రెయిన్’, 2000లో ‘కందీసా’, 2003లో ‘ఝీని’. ఇరవై ఏళ్లు వాయించాక ఊరికే ఇచ్చారు. అప్పటికి వాళ్ల పేరు చెబితే హాలు నిండుతుంది. పాట మీద పోయింది టికెట్ మీద వస్తుంది.

నీకు టికెట్ ఎక్కడుంది? మన జిల్లాల్లో స్టేజీ అంటే జాతర, పెళ్లి, కాలేజీ డే. పోయినేడాది ఒక కాలేజీలో సొంత పాట ఎత్తుకున్నాం. మొదటి చరణం అవ్వకముందే చీటీ వచ్చింది, ‘మాస్ బీట్ కొట్టండి’ అని. కొట్టాం. ఏం చేస్తాం, వ్యాను కిరాయి కట్టాలి కదా.

ఇంకోటి. అది వ్యాపారం లెక్క ఒక్కటే కాదు. ఆ బ్యాండ్‌లో పాడుతూ తబలా వాయించిన అశీమ్ చక్రవర్తి 2009 డిసెంబరు 25న పోయారు. ఆ పాటల్లో ఆయన గొంతు ఉంది. అలాంటిదాన్ని పట్టుకొచ్చి ధర గురించి వాదించడం నాకు కొంచెం ఎబ్బెట్టుగా ఉంది.

వయొలిన్_టీచరమ్మ, విజయనగరం:
పాట ఊరికే వినడం మన ఊరికి కొత్తా బాబూ? 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరిది. ఘంటసాల గారు ఇక్కడ చదువుకుంటూ మధూకరం ఎత్తుకుని తిన్నారు. చదువుకునే పిల్లాడికి నాలుగిళ్లవాళ్లు అన్నం పెట్టబట్టే కదా ఆ గొంతు మనకు దక్కింది. పెట్టేయండి. వినేవాళ్లు ముందు పుట్టాలి, డబ్బు తర్వాత.

ఆర్కెస్ట్రా_కీబోర్డు:
అమ్మా, మీమీద గౌరవంతోనే అంటున్నాను. మధూకరం అంటే ఊరు కళాకారుడికి పెట్టింది. ఇక్కడ కళాకారుడు ఊరికి పెడతానంటున్నాడు. రెండూ ఒకటెలా అవుతాయి? జాతరలో తప్పెటగుళ్లు చూడ్డానికి టికెట్ ఉండదు, నిజమే. కానీ పెద్దలు చందాలెత్తి ఆ దళానికి ముందే మాట్లాడుకుంటారు. చూసేవాడికి ఊరికే, ఆడేవాడికి కాదు.

పాతక్యాసెట్ల_పెట్టె, బొబ్బిలి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఊరికే ఇవ్వడమా, అమ్మడమా అని రెండే దారులున్నట్టు మాట్లాడుతున్నారు. అమెరికాలో వాషింగ్టన్ బ్యాండ్ ఫుగాజీ సంగతి చూడండి. ఆల్బమ్‌లు సొంత మనుషుల రికార్డు కంపెనీ డిస్కార్డ్‌లోనే. టికెట్ చాలాచోట్ల ఐదు డాలర్లే. 2002 నవంబరులో చివరి కచేరీ వాయించారు. అప్పటిదాకా చాలా కచేరీలు టేపుల మీద ఎక్కించి దాచుకున్నారు. 2011 నుంచి ఆ టేపులు, ఎనిమిది వందలకు పైగా కచేరీలు, ఆన్‌లైన్‌లో పెట్టారు. ఒక్కోటి ఐదు డాలర్లు అన్నారు గానీ, కొనేవాడు ఒక డాలరే ఇస్తానన్నా సరే, వంద ఇస్తానన్నా సరే.

కొన్ని రికార్డింగులు ఘోరంగా ఉంటాయి, గిటార్ కంటే జనం అరుపులే ఎక్కువ. అయినా నాకు స్టూడియో పాటల కంటే అవే ఇష్టం. ‘డెజర్ట్ రెయిన్’ కూడా అంతే కదా! 1997 జనవరి 1న వీధినాటకాల కళాకారుడు సఫ్దర్ హష్మీ జ్ఞాపకార్థం ఢిల్లీలో ఆయన పేరిట ఉన్న సహమత్ సంస్థ పెట్టిన సభలో వాయించిందే ఆల్బమైంది. ‘కందీసా’ శుభ్రంగా ఉంటుంది, ఒప్పుకుంటా. ‘డెజర్ట్ రెయిన్’లో చలి తెలుస్తుంది.

కోటగుమ్మం_గిటార్:
కొనేవాడి ఇష్టానికి వదిలేస్తే మనోళ్లు ఇచ్చేది సున్నా అన్నా. ఆ మాత్రానికి ఊరికే అంటే మర్యాదైనా దక్కుతుంది.

రెండు_కర్రలు, విజయనగరం:
ఆ డ్రమ్మర్‌ని నేనే. మా వాడు నా మాట సగమే చెప్పాడు. డబ్బు కోసం కాదు నా పట్టు. నాలుగు పాటలు ఎలాగైనా పెట్టుకోండి, నాకు పేచీ లేదు. ఆ రెండు జముకుల పాటలు మాత్రం మనవి కావు.

గజపతినగరం అవతల ఒక పల్లెలో ఒక తాతగారి దగ్గర కూర్చుని నేర్చుకున్నాం. ఆయన జముకు తీగ మీటుతూ పాడుతుంటే వీడు ఫోన్లో రికార్డు చేశాడు. టీ తాగి వచ్చేశాం. దాన్నే గిటార్ మీదకు ఎక్కించి ‘ఉచితం’ అని రాస్తే, ఎవరి సొమ్ము ఎవరు దానం చేసినట్టు? అమ్మితేనైనా ఆయనకు ఇంత పంపొచ్చు. ఊరికే ఇస్తే ఆయన వాటా కూడా ఊరికే పోయినట్టే.

పాతక్యాసెట్ల_పెట్టె:
ఇది ఆలోచించాల్సిందే. ఇండియన్ ఓషన్ ‘మా రేవా’ కూడా నర్మదా లోయ జనం పాటే. కాకపోతే బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్ నర్మద మీద ఆనకట్టలకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమంలో ఆ జనంతో కలిసి పనిచేసిన మనిషి. టీ తాగి వచ్చేయలేదు.

కోటగుమ్మం_గిటార్:
నన్నే అన్నారని అర్థమైంది. తాతగారి పేరు పెడదామని ముందే అనుకున్నాను, మిగతాది తట్టలేదు. మా నాన్నకు వరసయ్యేవాడే కదా, ఏమీ అనుకోడులే అని ఊరుకున్నాను.

వయొలిన్_టీచరమ్మ:
అనుకోకపోవచ్చు. అడగాలి కదా బాబూ.

కోటగుమ్మం_గిటార్:
సరే. నాలుగు పాటలు వచ్చే నెల నుంచి ఊరికే పెడతాం, ఆ మాట మీద నేను వెనక్కి తగ్గను. కీబోర్డు అన్నయ్య తిట్టుకున్నా సరే. మిగతా రెండూ ఆపుతున్నాం. ఆదివారం తాతగారి దగ్గరికి వెళ్తున్నాం, ఆయన ఎలా అంటే అలా.

ఆర్కెస్ట్రా_కీబోర్డు:
తిట్టుకుంటూనే ఉంటాను. ఆదివారం నాకు ప్రోగ్రాం లేదు, మైకులు రెండు పట్టుకొస్తాను. ఫోన్‌లో కాకుండా ఆయన వాకిట్లోనే సరిగ్గా రికార్డు చేద్దాం, కోళ్లు అరిచినా సరే. డీజిల్ మాత్రం మీదే.