ఒడ్డా చాపెల్ గోడల గురించి ఎవరైనా చెప్పగలరా?

నమస్కారమండీ. నేను ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. పోయిన ఆదివారం గ్లోస్టర్‌షైర్‌లోని డీర్‌హర్స్ట్ అనే పల్లెలో ఒడ్డా చాపెల్ అనే పాత చిన్న చర్చి చూశాను. చనిపోయిన తోబుట్టువు ఆల్‌ఫ్రిక్ ఆత్మశాంతి కోసం ఒడ్డా ప్రభువు 1056లో కట్టించాడు. తర్వాత అది ఒక రైతు ఇంట్లో కలిసిపోయింది. ప్రార్థన చేసిన హాల్లోనే వంట చేసుకున్నారు! 1865లో గానీ అది చాపెల్ అని గుర్తుపట్టలేదు. అది తెలిశాక ఆ గోడను తాకితే కళ్లు చెమ్మగిల్లాయి.

నా సందేహం ఏమిటంటే, మూలల్లో ఒక రాయి నిలువుగా, దానిమీద ఒకటి అడ్డంగా పేర్చారు. శాక్సన్ల (పూర్వం ఇంగ్లండ్‌ను ఏలిన జాతి) కట్టడాల్లో ఇది మామూలేనట. బలం కోసమా, అందం కోసమా? కిటికీలేమో గోడ మందానికి మధ్యలో సన్నగా ఉండి లోపలికీ బయటికీ వెడల్పవుతాయి. వెలుతురు కోసమేనా?

పాత రాతి కట్టడాల పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఈ చాపెల్ కట్టించిన సంగతి చెక్కిన శాసనం ఒకటుంది, ఆ అసలు రాయి ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. వచ్చే వారం వెళ్తున్నాను, అక్కడ ఏం గమనించాలో కూడా చెప్తారా?