రిచ్‌మండ్ 2024: ముందున్న కార్లను గుద్ది గెలిచినవాడి దగ్గర ఆ గెలుపును ఉంచవచ్చా?

నాలుగో_మలుపు:

దూకుడు లేకపోతే స్టాక్ కార్ పందెమే లేదని నేనూ నమ్ముతాను. అయినా 2024 ఆగస్టు 11న రిచ్‌మండ్‌లో ఆస్టిన్ డిలన్ గెలిచిన తీరుపై, అమెరికాలో ఈ పందేలను నడిపే సంస్థ నాస్కార్ ఇచ్చిన తీర్పు సగంలోనే ఆగిపోయిందన్నది నా అభిప్రాయం. దీనిపై మీ వాదనలు తెలుసుకోవాలని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

ఆ పందెం చూడనివారి కోసం జరిగింది చెబుతాను. ముప్పావు మైలు ట్రాకు, 400 లాపుల (చుట్ల) పందెం. ఇంకో రెండు లాపులు తిరిగితే డిలన్ గెలిచేవాడు. సరిగ్గా అప్పుడే వెనుక రెండు కార్లు గుద్దుకోవడంతో పసుపు జెండా (ప్రమాద హెచ్చరిక) పడింది, పందెం ఓవర్‌టైమ్‌కు (అదనపు లాపులకు) వెళ్లింది. రీస్టార్ట్‌లో జోయి లోగానో ముందుకు వెళ్లిపోయాడు. చివరి లాపు మూడో మలుపులోకి డిలన్ మామూలుగా బ్రేకు వేయవలసిన చోటు దాటి దూసుకొచ్చి, లోగానో కారును వెనుక నుంచి గుద్ది తిప్పేశాడు. ఆ సందులో లోపలి వైపు నుంచి డెనీ హామ్లిన్ ముందుకు రాబోగా, డిలన్ తన కారును ఎడమకు తిప్పి, హామ్లిన్ కారు కుడి వెనుక మూలను కొట్టి గోడ మీదికి పంపాడు. ఒకే మలుపు పొడవునా ఇద్దరిని పడగొట్టి గీత దాటాడు. రేడియోలో అతని స్పాటర్ (పైనుంచి ట్రాకును చూస్తూ డ్రైవరుకు సూచనలిచ్చేవాడు) "గుద్దెయ్" అని అరవడం కూడా రికార్డయింది.

మూడు రోజుల తర్వాత నాస్కార్ నిర్ణయం ప్రకటించింది. గెలుపు డిలన్‌దే, ట్రోఫీ డిలన్‌దే, కానీ ఆ గెలుపుతో ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర చాంపియన్‌ను తేల్చే పందేల్లో) అడుగుపెట్టే అర్హత మాత్రం లేదు. 25 పాయింట్లు కోశారు. స్పాటర్‌ను మూడు పందేలకు సస్పెండ్ చేస్తే, అప్పీల్‌లో అది ఒక పందేనికి తగ్గింది. మిగిలిన శిక్షలు నిలబడ్డాయి.

ఇదే సంస్థ 2022లో పోకోనోలో హామ్లిన్ గెలిచిన పందేన్ని అతని చేతిలోంచి తీసేసుకుంది. కారణం, కారు ముందు భాగంలో నిబంధనకు మించి అతికించిన పల్చటి టేపు పొర. పల్చటి టేపుకు గెలుపు పోతుంది, రెండు కార్లను పనిగట్టుకుని పగలగొడితే పోదు. దీన్ని సమర్థించే తర్కం ఏమిటో నాకు ఎంత ఆలోచించినా దొరకడం లేదు.

నల్ల_మూడు:

తర్కం ఉంది, నాలుగో_మలుపు గారూ. టేపును కొలవవచ్చు, మనసులో ఉన్నదాన్ని కొలవలేరు.

నాస్కార్‌ను నాస్కార్‌గా నిలబెట్టింది మీరు శిక్షించమంటున్న ఈ గుణమే. 1979 డేటోనా 500ను మొదటి నుంచి చివరి దాకా దేశమంతటికీ టీవీలో ప్రత్యక్షంగా చూపినప్పుడు, ఆఖరి లాపులో కేల్ యార్‌బరో, డానీ అలిసన్ ఒకరినొకరు ఒరుసుకుని గోడకు కొట్టుకున్నారు. ఆ తర్వాత గడ్డి మీద కొట్లాట. వెనుక నుంచి వచ్చిన రిచర్డ్ పెటీ గెలిచాడు. ఈశాన్య రాష్ట్రాల్లో మంచు తుపాను వల్ల ఇళ్లలోనే ఉండిపోయిన జనం అది చూసి ఈ ఆటకు అభిమానులయ్యారు. ఏడుసార్లు చాంపియన్ అయిన డేల్ అర్న్‌హార్ట్‌ను జనం గుర్తుపెట్టుకున్నది సాధు స్వభావానికి కాదు. 1999 ఆగస్టులో బ్రిస్టల్ రాత్రి పందెం చివరి లాపులో టెరీ లబాంటీని తిప్పేసి గెలిచాడు. స్టేడియమంతా హోరెత్తేలా నిరసన తెలిపింది. గెలుపు మాత్రం ఆయన పేరుతోనే ఉంది. డిలన్ తోలుతున్నది అదే మూడో నంబరు కారు, అదే రిచర్డ్ చిల్డ్రెస్ జట్టుకు. ఆ చిల్డ్రెస్ అతని తాతగారే.

పైగా ఇక్కడ బాధితుడెవరు? 2018లో మార్టిన్స్‌విల్ చివరి మలుపులో మార్టిన్ ట్రూఎక్స్‌ను బంపర్‌తో పక్కకు నెట్టి గెలిచి, ఆ గెలుపుతోనే ఫైనల్‌కు చేరి, ఆ ఏడు చాంపియన్ అయింది లోగానోయే కదా? 2022లో డార్లింగ్టన్‌లో రెండు లాపులు మిగిలి ఉండగా విలియం బైరన్‌ను గోడకు నెట్టినదీ ఆయనే. వాటిలో ఒక్క గెలుపునూ నాస్కార్ తీసేయలేదు.

షార్లెట్_తెలుగు:

నల్ల_మూడు గారు వేర్వేరు విషయాలను ఒకే గాటన కట్టారు. నేను షార్లెట్ శివార్లలో ఉంటాను. ఇక్కడి మన తెలుగువాళ్లలో చాలామంది బ్యాంకుల ఐటీ ఉద్యోగాల కోసం వచ్చినవారు. కాంకర్డ్, మూర్స్‌విల్ వైపు వెళితే రేసింగ్ జట్ల వర్క్‌షాపులు రోడ్డు మీదే కనిపిస్తాయి కనుక, కాలక్రమంలో ఈ ఆట మీద ఆసక్తి కలుగుతుంది. నాకూ అలాగే కలిగింది. అక్కడ పనిచేసేవాళ్లతో నాలుగు మాటలు కలిపితే మొదట చెప్పేది ఇదే: ఎక్కడ కొట్టావన్నదాన్ని బట్టి అది పందెమా, కక్షా అన్నది తేలుతుంది.

ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు) ట్రాకులో కార్లన్నీ ఎడమకే తిరుగుతాయి. మలుపులో ముందున్న కారు వెనుక బంపర్‌ను నడిమధ్యన, అదుపులో ఉంచుకుని నెడితే, ఆ కారు వెనుక చక్రాల పట్టు ఒక క్షణం సడలి, అది తన దారి వదిలి పైకి జరుగుతుంది. నెట్టినవాడు కింది నుంచి వెళ్లిపోతాడు. ముందున్నవాడు ఒకటో రెండో స్థానాలు పోగొట్టుకుంటాడు గానీ పందెంలోనే ఉంటాడు. బంప్ అండ్ రన్ అనేది ఇదే. 1997లో బ్రిస్టల్ చివరి లాపులో జెఫ్ గోర్డన్ రస్టీ వాలెస్‌ను ఇలాగే జరిపి గెలిచాడు. మీరు చెప్పిన 2018 మార్టిన్స్‌విల్ కూడా ఈ కోవలోదే, ట్రూఎక్స్ ఆ పందేన్ని మూడో స్థానంలో ముగించాడు.

కుడి వెనుక మూలను కొడితే జరిగేది వేరు. కారు వెనుక భాగం ఎడమకు పోతుంది, ముక్కు కుడికి తిరుగుతుంది. కుడివైపున ఉన్నది గోడ. దాదాపు ఒకటిన్నర టన్నుల బండి వేగం తగ్గకుండానే, డ్రైవరుకు స్టీరింగ్ సరిచేసుకునే వ్యవధి లేకుండా, ముఖాముఖి గోడకు వెళుతుంది. అర్న్‌హార్ట్ పేరు ఎత్తారు కనుక చెబుతున్నాను. 2001 ఫిబ్రవరి 18న డేటోనా చివరి లాపులో ఆయన ప్రాణం తీసింది గోడకు తగిలిన అటువంటి దెబ్బే. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు, అది ప్రమాదం. ఆ తర్వాతే తల, మెడను పట్టి ఉంచే పరికరాన్ని తప్పనిసరి చేశారు, గోడలకు దెబ్బను పీల్చుకునే సేఫర్ బారియర్లు వచ్చాయి. ఇంత చేసినా 2022లో పోకోనో క్వాలిఫయింగ్‌లో తగిలిన ఒక్క దెబ్బతో కర్ట్ బుష్ పూర్తికాలపు కెరీర్ ముగిసిపోయింది. ఆ ఏడాదే వచ్చిన కొత్త తరం కారు వెనుక భాగం మరీ బిగుసుగా ఉందని తేలడంతో తర్వాతి సీజన్‌కు దాన్ని మార్చవలసి వచ్చింది.

నాస్కార్‌కు ఈ తేడా తెలుసు. 2022లో లాస్ వెగాస్‌లో కైల్ లార్సన్‌ను ఇలా కొట్టినందుకు బబ్బా వాలెస్‌ను, 2023లో షార్లెట్ 600 మైళ్ల పందెంలో హామ్లిన్‌ను కొట్టినందుకు చేజ్ ఎలియట్‌ను ఒక్కో పందెం సస్పెండ్ చేసింది. కోపంతో కొట్టినవాడికి సస్పెన్షన్, గెలవడం కోసం కొట్టినవాడికి ట్రోఫీ. నాకు నచ్చనిది ఇదే. డిలన్‌ను ఒక్క పందెం కూడా పక్కన పెట్టలేదు.

నల్ల_మూడు:

కుడి వెనుక మూల గురించి మీరు రాసినదాన్ని ఒప్పుకుంటున్నాను, హామ్లిన్‌ను కొట్టిన దెబ్బను నేను సమర్థించను. ఉద్దేశం సంగతికి మాత్రం ఇంకా సమాధానం రాలేదు. 2023లో ఫీనిక్స్ చివరి లాపులో హామ్లిన్ రాస్ చాస్టెయిన్‌ను గోడ దాకా తోసుకెళ్లాడు. ఆదివారం ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు తన పాడ్‌కాస్ట్‌లో కావాలనే చేశానని హామ్లిన్ స్వయంగా చెప్పాక 50,000 డాలర్ల జరిమానా, 25 పాయింట్ల కోత పడ్డాయి. అప్పీల్ చేసినా లాభం లేకపోయింది. నోరు మూసుకున్నవాడు బయటపడి, నిజం చెప్పినవాడు దొరికిపోయే పద్ధతిలో గెలుపులను కూడా తీసేయడం మొదలుపెడితే, డ్రైవర్లు నేర్చుకునేది మంచి నడవడిక కాదు, అబద్ధం చెప్పడం.

పాయింట్ల_లెక్క:

అందరూ డిలన్ స్వభావం గురించి మాట్లాడుతున్నారు. ఆ రాత్రికి ముందు అతను పాయింట్ల పట్టికలో 32వ స్థానంలో ఉన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014 నుంచి ఒక్క పందెం గెలిస్తే చాలు, 16 మంది ఆడే ప్లేఆఫ్స్‌లో చోటు దాదాపు ఖాయమయ్యే పద్ధతి నడిచింది. మొదట్లో కనీసం తొలి 30 స్థానాల్లో ఉండాలన్న షరతు ఉండేది, 2023కు ముందు దాన్నీ ఎత్తేశారు. అంటే రెండో స్థానంలో వస్తే సీజన్ ముగిసినట్టే, మొదటి స్థానంలో వస్తే జట్టు ఏడాదంతా నిలబడినట్టే. అలాంటి బేరాన్ని చివరి లాపులో డ్రైవరు ముందు పెట్టి, బ్రేకు తొక్కమని చెప్పడం నియమాలు రాసినవారి అమాయకత్వం.

2015లోనూ ఇదే చూశాం. కాన్సస్‌లో ఐదు లాపులు మిగిలి ఉండగా అడ్డం వస్తున్న మాట్ కెన్సెత్‌ను లోగానో తిప్పేసి గెలిచాడు. నాస్కార్ అధినేత బ్రయన్ ఫ్రాన్స్ బహిరంగంగా ఆ ఎత్తుగడను మెచ్చుకున్నాడు. రెండు వారాలకు మార్టిన్స్‌విల్‌లో, ఎన్నో లాపులు వెనుకబడి ఇక పోగొట్టుకోవడానికి ఏమీ లేని కెన్సెత్, ముందు పరిగెడుతున్న లోగానోను గోడకు గుద్దేశాడు. కెన్సెత్‌కు రెండు పందేల సస్పెన్షన్ పడింది. లోగానోకు ఫైనల్ అవకాశం పోయింది. నిర్వాహకులు మొదటి దెబ్బను పొగడకపోయి ఉంటే రెండోది జరిగేది కాదని నా నమ్మకం.

2026 సీజన్‌కు ఆ గెలిస్తే-చోటు పద్ధతిని తీసేసి, చివరి పది పందేల పాయింట్లతో చాంపియన్‌ను తేల్చే పాత చేజ్ విధానానికి తిరిగి వెళ్లారు. గెలుపుకు 55 పాయింట్లు ఇస్తున్నారు. జరిమానాలన్నీ కలిపి చేయలేని పనిని ఇది చేస్తుందని ఆశిస్తున్నాను.

నాలుగో_మలుపు:

పాయింట్ల_లెక్క గారి మాటలో బలం ఉంది. కానీ పద్ధతి పురిగొల్పింది కనుక తప్పు తప్పు కాకుండా పోదు. ఆ రాత్రి అదే పద్ధతిలో, అదే ఒత్తిడిలో పదుల మంది పందెం ఆడారు.

ఉద్దేశాన్ని తేల్చలేరన్న వాదనకు వస్తాను. నాస్కార్ పందెం ముగిసిన నిమిషాల్లోనే, డ్రైవరు ప్రవర్తనను చూసి విజేతను మార్చిన సందర్భం ఉంది. 2008 అక్టోబరులో టాలడేగాలో గీత దగ్గర టోనీ స్టువర్ట్ కంటే ముందు వచ్చింది రీగన్ స్మిత్. అయితే ట్రాకు లోపలి అంచున ఉన్న రెండు పసుపు గీతలకు కిందికి దిగి ముందుకు రావడం అక్కడ నిషిద్ధం. స్టువర్టే తనను కిందికి నెట్టాడని స్మిత్ వాదించాడు. నెట్టాడా, తనంతట తానే దిగాడా అన్నది అధికారులు కళ్లతో చూసి తేల్చవలసిన విషయమే. తేల్చారు. గెలుపు స్టువర్ట్‌కు ఇచ్చి, ఆ కుర్రవాణ్ణి 18వ స్థానానికి దింపారు. గీత కిందికి దిగినవాడి ఉద్దేశం నిమిషాల్లో తెలిసినప్పుడు, బ్రేకు, యాక్సిలరేటర్, స్టీరింగ్ కదలికలన్నీ రికార్డయి, రేడియో మాటలు కూడా చేతిలో ఉన్నప్పుడు డిలన్ ఉద్దేశం తెలియదంటే ఎలా నమ్మాలి? ప్లేఆఫ్స్ అర్హత తీసేసేటప్పుడు వాళ్లు ఆధారంగా చూపినవి ఇవే. అర్హత తీయడానికి సరిపోయిన సాక్ష్యం గెలుపు తీయడానికి ఎందుకు సరిపోలేదు?

ఒప్పుకోలు మీద ఆధారపడవద్దనే నేనూ అంటున్నాను, నల్ల_మూడు గారూ. చివరి లాపులో ఎదుటివాడి కుడి వెనుక మూలను కొట్టి స్థానం సంపాదిస్తే, ఉద్దేశంతో పని లేకుండా, కొట్టించుకున్నవాడి వెనుకకు దింపాలని నియమం రాయండి. పసుపు గీతల నియమం ఉన్నట్టే ఇదీ ఉంటుంది.

నల్ల_మూడు:

టాలడేగా ఉదాహరణ బలమైనదే, దానికి నా దగ్గర ఎదురు వాదన లేదు. అయితే మీ నియమంలో ఒక చిక్కుంది. రిచ్‌మండ్‌లో డిలన్‌ను దింపితే గెలుపు హామ్లిన్‌కు వెళుతుంది, ఎందుకంటే గోడకు తగిలినా గీత దాటి రెండో స్థానంలో నిలిచింది ఆయనే. కానీ ఆయనకు ఆ సందు దొరికింది లోగానోను డిలన్ తిప్పినందుకే. అసలు ముందున్న లోగానోకు మీ నియమం వల్ల ఏమీ దక్కదు. రెండో దెబ్బ లేకుండా, మొదటిది ఒక్కటే జరిగి ఉంటే మీరు ఏం చేసేవారు?

షార్లెట్_తెలుగు:

నన్నడిగితే, మొదటి దెబ్బ ఒక్కటే అయితే గెలుపును అతనికే ఉంచుతాను. అది నాకు ఇష్టమై కాదు. కారు మధ్య బంపర్ మీద పడిన దెబ్బ ఎంత గట్టిదైతే నేరమవుతుందో ఎవరూ ఇంతవరకు గీత గీయలేకపోయారు, 1999 బ్రిస్టల్ నుంచి నేటి వరకు. అర్న్‌హార్ట్ గెలుపును ఉంచి డిలన్‌ది తీసేయడానికి నాకు ఆధారం దొరకదు. రెండో దెబ్బకు ఆ సందేహం లేదు. డిలన్ స్టీరింగ్ ఎడమకు తిరిగింది, హామ్లిన్ ముక్కు గోడ వైపు తిరిగింది. అక్కడ గెలుపును తీసేసి హామ్లిన్‌కు ఇస్తాను, తర్వాతి పందేనికి డిలన్‌ను ఇంటి దగ్గర కూర్చోబెడతాను.