బడ్జెట్ తర్వాత బండి కొనాలి: ఎంహెచ్ (మహారాష్ట్ర) పాసింగా, తెలంగాణ నంబరా?

ప్రశ్న (ధర్మాబాద్, మిర్చి కొట్టు)

అందరికీ నమస్కారం. మాది మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఎండుమిర్చి వ్యాపారం. ఇంట్లో తెలుగు, కొట్లో మరాఠీ, ఆర్టీవో కాగితాల ముందు మాత్రం నోరు పెగలదు.

8 లక్షల లోపు సీఎన్‌జీ కారు ఒకటి కొనాలనుకుంటున్నాను. మహారాష్ట్ర బడ్జెట్‌లో సీఎన్‌జీ బండ్ల మీద పన్ను పెంచారని షోరూమ్ కుర్రాడు చెప్పాడు. ఎలక్ట్రిక్ బండికైతే 6 శాతం అని కూడా అన్నాడు. నిజామాబాద్‌లో ఉన్న మా బావమరిదేమో "ఇక్కడే కొను బావా, మా ఇంటి చిరునామా ఇస్తాను, 12 నెలల దాకా నిన్ను అడిగేవాడు లేడు" అంటున్నాడు. ఆయన మాట వింటే నాకు మిగిలేదేమైనా ఉందా? తెలిసినవారు చెప్పండి.

జవాబు (బోధన్)

తెలంగాణ నంబరే మేలు అన్నా. సరిహద్దు ఊళ్లలో సగం బండ్లు అట్లాగే తిరుగుతున్నాయి. ఇన్నేళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు.

జవాబు (బిలోలి, పాత లెక్కల గుమాస్తా)

బోధన్ తమ్ముడూ, ఏమీ కాలేదన్నది లెక్క కాదు, అదృష్టం. నేను లెక్క చెబుతాను.

ముందు బడ్జెట్ సంగతి. 2025 మార్చి 10న మహారాష్ట్ర శాసనసభలో చదివింది ప్రతిపాదన. అందులో వ్యక్తుల పేరిట ఉండే సీఎన్‌జీ, ఎల్‌పీజీ నాలుగు చక్రాల బండ్ల మీద 1 శాతం పెంపు ఉంది. అంతవరకు 7 నుంచి 9 శాతం ఉండేది, దాన్ని 8 నుంచి 10 చేశారు. 2025 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. 30 లక్షలు దాటిన ఎలక్ట్రిక్ బండ్ల మీద 6 శాతం అన్న మాట కూడా ఆ రోజు చదివినదే. కాని ఆ సమావేశాలు ముగియకముందే దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ముఖ్యమంత్రి ఫడణవీస్ ప్రకటించారు. మీ షోరూమ్ కుర్రాడు బడ్జెట్ మర్నాటి పత్రిక చదివి, ఆ నెలాఖరుది చదవలేదన్నమాట. బడ్జెట్ రోజు వార్త చూసి బండి కొనేవారూ, మానేసేవారూ ఇద్దరూ తొందరపడినట్టే. ఏది నిలిచింది, ఏ తేదీ నుంచి నిలిచింది అన్నదే చూసుకోవాలి.

ఇప్పుడు మీ 8 లక్షల బండి. 10 లక్షల లోపు సీఎన్‌జీకి 8 శాతం, అంటే 64,000. పెంపుకు ముందైతే 56,000. అంటే బడ్జెట్ మీ జేబులోంచి తీసింది 8,000. పెట్రోలు బండి అయితే ఇక్కడ 11 శాతం, 88,000. డీజిల్‌కు 13. పెంచిన తర్వాత కూడా పెట్రోలు, డీజిల్ కన్నా సీఎన్‌జీకే తక్కువ.

ఇక నిజామాబాద్. తెలంగాణలో 2022 మేలో లైఫ్ ట్యాక్స్ సవరించారు. 5 లక్షల లోపు కారుకు 13 శాతం, 5 నుంచి 10 లక్షలకు 14. మీ 8 లక్షలకు 14 శాతం ఎంత? 1,12,000. ఇక్కడ 64,000 కట్టాల్సిన చోట అక్కడ 1,12,000 కట్టి, అది తప్పుడు చిరునామా మీద కట్టి, మళ్లీ ఇక్కడి పన్ను కూడా కట్టుకోవాలి. మీ బావమరిదికి మీ మీద ప్రేమ ఉంది, కాదనను. లెక్క మాత్రం లేదు.

ఇంకొక మాట, ఇది రాష్ట్ర బడ్జెట్‌కు సంబంధించింది కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. సీఎన్‌జీ అయితే 1200 సీసీ, 4 మీటర్ల పొడవు దాటకూడదు. ఈ తగ్గుదల ముందు ఆ 1 శాతం పెంపు ఏపాటి? షోరూమ్‌లో పెంపు గురించి చెప్పేవారు తగ్గింపు గురించి కూడా చెప్పారో లేదో చూసుకోండి.

ఆ బడ్జెట్‌లోనే ఒక బండికి పన్ను 20 లక్షలకు మించకూడదన్న పరిమితిని 30 లక్షలకు పెంచారు. మన మిర్చి మార్కెట్ దారిలో ఆ బాధ ఎవరికీ ఉన్నట్టు లేదు.

ధర్మాబాద్

గుమాస్తా గారూ, దండాలు. 14 శాతం సంగతి బావమరిదికి ఫోనులో చదివి వినిపించాను, కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పోనీ, మా వీధిలో నాలుగేళ్ల పాత కారు అమ్మకానికి ఉంది, అది తీసుకో. పాతదానికి పన్ను ఎప్పుడో కట్టేశారు కదా" అన్నాడు. దానికి 12 నెలల గడువు వర్తిస్తుంది కదా?

బిలోలి

వర్తించదు. అందరూ పొరబడేది ఇక్కడే.

ఆ 12 నెలలు మోటారు వాహనాల చట్టం 1988, 47వ సెక్షన్‌లోవి. తన సొంత బండిని తీసుకుని వేరే రాష్ట్రానికి వచ్చి ఉంటున్నవాడు 12 నెలలు దాటితే అక్కడి నంబరు తీసుకోవాలని దాని అర్థం. అది నంబరు గడువు మాత్రమే. పన్ను సంగతి మహారాష్ట్ర మోటారు వాహనాల పన్ను చట్టం 1958 చూసుకుంటుంది. నంబరుకు ఏడాది ఉందని పన్నుకూ ఏడాది ఉందనుకోకండి.

మీరు కొంటున్నారు కాబట్టి మీకు వర్తించేది 50వ సెక్షన్. కొన్నవాడు 30 రోజుల్లో తాను ఉండే చోటి కార్యాలయానికి తెలియజేయాలి. అమ్మినవాడికి వేరే రాష్ట్రం బండి అయితే 45 రోజులు, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే పత్రం)తో సహా. అక్కడ నాలుగేళ్ల కింద కట్టిన లైఫ్ ట్యాక్స్ తెలంగాణకు కట్టింది. ఇక్కడ మీరు మళ్లీ కట్టాలి. అది బండి కొత్తగా ఉన్నప్పటి ఇన్‌వాయిస్ ధర మీద, వయసుకు తగ్గ తగ్గింపుతో లెక్క కడతారు. అందుకే అసలు ఇన్‌వాయిస్ లేని పాత బండి జోలికి పోకండి. తెలంగాణలో మిగిలిన ఏళ్లకు తగ్గ భాగం రీఫండు అడగవచ్చు. కాని ఆ డబ్బు మీకా, అమ్మినాయనకా అన్నది ధర మాట్లాడేటప్పుడే కాగితం మీద రాసుకోండి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఎన్‌వోసీకి ఫారం 28, ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27, పేరు మార్పుకు 29, 30. ఫైనాన్సు ఉంటే వారి అంగీకార పత్రం. చలానాలు ఒక్కటీ మిగలకూడదు. ఫారం 28 ఇచ్చిన 30 రోజుల్లో ఇస్తామనో ఇవ్వమనో వాళ్లు చెప్పకపోతే ఇచ్చినట్టే భావించాలని 48వ సెక్షన్‌లో ఉంది. అయినా ఆ సెక్షన్ చూపించి కిటికీ దగ్గర వాదించడం కంటే, ఫారం ఇచ్చిన రోజే రసీదు తీసుకుని దాచుకోవడం తెలివైన పని. తెలంగాణ చాలా ఏళ్లు జాతీయ వాహన్ పద్ధతిలో చేరకుండా సొంత కంప్యూటర్ వ్యవస్థ నడుపుకుంది. అందువల్ల అక్కడి పాత వివరాలు ఇక్కడ వెంటనే కనబడతాయని అనుకోకండి. ఎన్‌వోసీ చేతికి రాగానే అందులో ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఒక్కో అక్షరం ఆర్సీతో పోల్చుకోండి.

చాసిస్ అంటే మా అబ్బాయి మోటారు సైకిలు గుర్తొచ్చింది. నిజామాబాద్‌లో చదివేటప్పుడు కొన్నాడు. దాన్ని ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు ఫారం మీద చాసిస్ నంబరు అచ్చు తీయమన్నారు. హ్యాండిల్ కింద మెడ దగ్గర ఉంటుంది. కిరోసిన్ గుడ్డతో జిడ్డు తుడిచి, పల్చటి కాగితం అదిమిపట్టి, పెన్సిల్‌ను పక్కకు వాల్చి రుద్దాలి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దేవాళ్లమే, అచ్చం అదే. మావాడు నిలబెట్టి రుద్దేశాడు. 8 కాస్తా 3 లాగా వచ్చింది. కిటికీ అవతలి ఆయన కళ్లజోడు పైకి జరిపి చూసి, ఫారం వెనక్కి తోశాడు. దాంతో ఆ రోజు పోయింది. మర్నాడు నాలుగు కాగితాలు రుద్ది, బాగా వచ్చినదాన్ని అంటించాము.

పాత బండి కొంటే మరిచిపోకూడనిది ఇంకొకటి. పేరు మారకుండా యాక్సిడెంటు అయితే, రికార్డులో పేరున్న యజమానే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది అమ్మేవాడికి ప్రమాదం. మీకు ప్రమాదం ఏమిటంటే, థర్డ్ పార్టీ బీమా మీకు బదిలీ అయినట్టే లెక్క గాని, మీ బండికి జరిగిన నష్టం సంగతి అలా కాదు. కొన్న 14 రోజుల్లో బీమా కంపెనీకి రాసి పేరు మార్పించుకోండి.

కుండల్‌వాడి నుంచి ఒక గృహిణి

కార్ల సంగతి మీరు చూసుకోండి గాని, బస్సుల సంగతి ఎవరైనా చెప్పండి అన్నయ్యా. మా పుట్టిల్లు బోధన్ దగ్గర. ఇక్కడ ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ) బస్సులో ఆడవాళ్లకు సగం టికెట్ ఇస్తున్నారు. అవతల తెలంగాణలో మా వదిన పైసా ఇవ్వకుండా తిరుగుతుంది. నేను పుట్టినూరు బస్సెక్కితే కండక్టర్ పూర్తి డబ్బు అడిగాడు. నేను ఆ ఊరి ఆడపిల్లనే కదా?

జవాబు (దెగ్లూర్)

పుట్టింటివారికి ఆడపిల్లవే చెల్లెమ్మా, ఆధార్ లెక్కలో మాత్రం మహారాష్ట్ర కోడలివి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఆ రాష్ట్రంలో నివాసం ఉన్న ఆడవారికే. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. అది కూడా రాష్ట్ర సరిహద్దు దాకానే. మీ వదిన కుండల్‌వాడి రావాలన్నా సరిహద్దు దాటాక టికెట్ తీసుకోవాల్సిందే.

ఇక్కడి సగం టికెట్ కూడా బడ్జెట్ నుంచి వచ్చిందే. 2023 మార్చి 9న బడ్జెట్‌లో చెప్పారు, మార్చి 17 నుంచే అమలు చేశారు. బడ్జెట్ మాట ఎనిమిది రోజుల్లో బస్సెక్కడం నేనైతే అదే మొదటిసారి చూశాను. అయితే 2025 జనవరి చివర్లో ఎస్టీ చార్జీలు 14.95 శాతం పెంచారు. 100 రూపాయల టికెట్ 115 అయింది. సగం అంటే 50 పోయి 57, 58 దాకా వచ్చింది. అత్తగారికి 75 దాటితే మొత్తం ఉచితం, 65 నుంచి 75 మధ్య అయితే సగం. వయసు రుజువు వెంట ఉంచుకోమనండి.

ఆధార్ పుట్టింటి చిరునామాతో ఉంచుకుంటే ఎలా ఉంటుందని అడగబోతున్నారని నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఇదే ప్రశ్న వచ్చింది. బస్సు కోసం అలా చేస్తే, ఇక్కడి ప్రభుత్వం ఆడవాళ్లకు ఇచ్చే లాడ్కీ బహిణ్ నెలకు 1,500 దగ్గర చిక్కొస్తుంది. దానికి మహారాష్ట్ర నివాసం కావాలి.

కుండల్‌వాడి

అర్థమైంది అన్నయ్యా. 1,500 వదులుకుని బోధన్ ఎన్నిసార్లు పోతాను.

ధర్మాబాద్

గుమాస్తా గారూ, కారు సంగతి తేలిపోయింది, కొత్తదే, ఇక్కడే. చివరిగా ఒకటి. కొట్టుకు చిన్న సామాను బండి కూడా తీసుకోవాలి. ఆరు లక్షల దాకా అవుతుంది. అప్పుడప్పుడు బస్తాలు నిజామాబాద్ పంపాలి. నడిపే అబ్బాయికి మామూలు కారు లైసెన్సే ఉంది.

బిలోలి

మన చిన్న వ్యాపారులకు ఆ బడ్జెట్‌లో నిజంగా తగిలింది ఇదే, పత్రికలు మాత్రం ఎలక్ట్రిక్ కార్ల గురించి రాసుకున్నాయి. 7,500 కిలోల లోపు సామాను బండ్లకు ధర మీద 7 శాతం ఒకేసారి కట్టించుకునే పద్ధతి పెట్టారు. మీ ఆరు లక్షలకు 42,000. మొదట్లోనే బరువు పడుతుంది కాబట్టి అప్పు మాట్లాడేటప్పుడే ఇది కలుపుకోండి.

పర్మిట్ విషయంలో మీకు మంచి కబురే. బండి బరువు, సరుకు కలిపి మొత్తం 3,000 కిలోలు దాటని సామాను బండికి పర్మిట్ అక్కరలేదని 66వ సెక్షన్‌లోనే ఉంది. మొత్తం బరువు ఆర్సీలో రాసి ఉంటుంది, అమ్మేవాడి నోటి మాట కాదు, అదే చూడండి. కాని పర్మిట్ వేరు, పన్ను వేరు, ఫిట్‌నెస్ వేరు. ఒకటి మాఫీ అయితే మూడూ మాఫీ అయినట్టు కాదు. మూడు టన్నులు దాటే బండి తీసుకుని ఊరూరా తిప్పాలంటే నేషనల్ పర్మిట్, ఏడాదికి 16,500.

డ్రైవర్ సంగతి: 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ చిక్కు తీర్చింది. లైట్ మోటారు వాహనం లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు రవాణా బండి కూడా నడపవచ్చు, లైసెన్సు మీద దాన్ని విడిగా రాయించుకోనక్కరలేదు. దానికి ముందు ఈ కారణం చూపించి బీమా కంపెనీలు ఎన్ని కేసులు నడిపాయో. లైసెన్సు గడువు మాత్రం మీరే స్వయంగా చూడండి, అబ్బాయి "ఉంది" అంటే సరిపోదు.

ఇంట్లో పాత స్కూటర్ ఏదైనా ఉందా? 2019 ఏప్రిల్ 1కి ముందు పాసింగ్ అయితే కొత్త హై సెక్యూరిటీ నంబరు ప్లేటు పెట్టించాలి. రెండు చక్రాలకు 450, కారుకు 745, పైన జీఎస్టీ. ఇంటికొచ్చి బిగిస్తామని 1,500 అడిగేవారికి తలుపు తీయకండి.

ధర్మాబాద్ (మూడు వారాల తర్వాత)

కారు వచ్చింది. ఎంహెచ్ 26 పాసింగ్. పన్ను సరిగ్గా 8 శాతమే. బిల్లులో 'హ్యాండ్లింగ్' అని 6,500 ఉంది. అదేమిటి, బండిని చేతులతో మోసుకొచ్చారా అని అడిగితే నవ్వి ఆ అంకె కొట్టేశారు.

బావమరిది నిన్న ఫోను చేశాడు. వాళ్ల పక్కింటాయన కొత్త కారు కొంటున్నాడట, మా ధర్మాబాద్ చిరునామా ఇస్తావా అని అడుగుతున్నాడు.

బిలోలి

ఇవ్వకండి.