పీఎస్5కి ఏ టీవీ? సోఫాకి 8 అడుగుల దూరం, 60 వేల బడ్జెట్

ప్రశ్న (కావలి)
అన్నలకు నమస్తే. గేములకీ సినిమాలకీ కలిపి హాల్లోకి ఒకే టీవీ కొనాలి. సోఫా నుంచి టీవీ గోడకు 8 అడుగులు. టీవీకి 60 వేల లోపు, కన్సోల్ (గేములాడే పెట్టె) డబ్బులు వేరే. పీఎస్5 తీసుకోవాలా, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ సరిపోద్దా? పగలంతా అమ్మానాన్న న్యూస్, సీరియళ్లు చూస్తారు, డిష్ కనెక్షనే. షాపులో 43 అంగుళాల 4కే టీవీ చూపించి "120 హెర్ట్జ్, హెచ్‌డీఎంఐ 2.1" అంటున్నారు. 900 వీఏ ఇన్వర్టర్ ఉంది. ఇంకేం చూసుకోవాలి?

జవాబు (ఒంగోలు, టీవీ సర్వీసు)
ముందు సైజు తేల్చుకో తమ్ముడూ, మిగతావి తర్వాత. టీవీ సైజును 1.2తో గుణిస్తే దగ్గర హద్దు, 1.6తో గుణిస్తే దూరం హద్దు, అంగుళాల్లో వస్తాయి. 43కి ఆ లెక్క నాలుగుంపావు నుంచి ఐదుమ్ముప్పావు అడుగులు. 55కి ఐదున్నర నుంచి ఏడుంబావు దాకా. 65కి ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాటి. నీ 8 అడుగులకు 43 అంటే మరీ చిన్నది. సాధారణ చూపున్న మనిషికి 43 అంగుళాల మీద 1080పీకి (1080 లైన్ల బొమ్మ), 4కేకి (2160 లైన్లు) తేడా ఐదున్నర అడుగులు దాటాక దాదాపు తెలియదు. 55 మీద ఆ గీత ఏడడుగుల దగ్గర ఉంటుంది. కాబట్టి 55 కొని సోఫా ఒక అడుగు ముందుకు జరుపు. ఖర్చు లేని అప్‌గ్రేడ్ అదొక్కటే.

ప్యానెల్ సంగతి: ఓలెడ్ (ప్రతి చుక్కా తనంతట తనే వెలిగే తెర) నీ బడ్జెట్‌లో ఎట్టాగూ రాదు. వచ్చినా మీ ఇంటికి నేను వద్దనే అంటాను. న్యూస్ చానెల్ కింద స్క్రోలింగ్ పట్టీ, మూలన లోగో రోజంతా ఒకే చోట వెలుగుతా ఉంటే ఏళ్ల మీద ముద్ర పడుతుంది. ఎల్‌ఈడీలో వీఏ, ఐపీఎస్ అని రెండు రకాల ప్యానెళ్లు. వీఏకు (ఇన్వర్టర్ వీఏ కాదు) నలుపు బాగా వస్తుంది, కానీ పక్క నుంచి చూస్తే రంగు వెలుస్తుంది. ఐపీఎస్ పక్క నుంచీ బాగుంటుంది, చీకటి గదిలో మాత్రం నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. సోఫాకు రెండు పక్కలా కుర్చీలు వేసుకుని కూర్చునే ఇల్లయితే ఐపీఎస్, ఎదురుగానే కూర్చునేటట్టయితే వీఏ.

జవాబు (నెల్లూరు, గేమింగ్)
ఆ 43 అంగుళాల టీవీ కొనబాకండి బ్రో. "120 హెర్ట్జ్" (తెర సెకనుకు 120 సార్లు మారడం) అని డబ్బా మీద రాయడానికి మూడు దారులున్నాయి. ఒకటి, ప్యానెల్ నిజంగానే 120. రెండు, ప్యానెల్ 60 హెర్ట్జే, ఎంఈఎంసీ లాంటి, మధ్యలో ఫ్రేములు కల్పించే మోషన్ సాఫ్ట్‌వేర్‌తో చేసింది చూపించి "మోషన్ రేట్ 120" అనడం. మూడోది డీఎల్‌జీ. ప్యానెల్ 60దే, ఒకేసారి రెండు లైన్లు నడిపి 120 చూపిస్తుంది, నిలువు రిజల్యూషన్ మాత్రం సగానికి పడిపోతుంది. 4కే ప్యానెల్ కొని 1080 లైన్లు చూడడమన్నమాట.

హెచ్‌డీఎంఐ 2.1 (కన్సోల్ వైరు పెట్టే పోర్టులో కొత్త తరం) అన్న మాటనూ నమ్మడానికి లేదు. ఆ స్టాండర్డ్‌లో పెద్ద ఫీచర్లన్నీ ఐచ్ఛికం. 18 జీబీపీఎస్ (సెకనుకు 18 గిగాబిట్ల డేటా) మాత్రమే నడిచే పాత తరహా పోర్టుకు కూడా 2.1 అని పేరు పెట్టుకోవచ్చు. అందుకే సేల్స్‌మ్యాన్ మాట వదిలేసి మోడల్ నంబరుతో కంపెనీ సైటులో స్పెసిఫికేషన్ తెరవండి. హెచ్‌డీఎంఐ వరుసలో "3840 × 2160, 120 హెర్ట్జ్" అని స్పష్టంగా ఉండాలి. వీఆర్‌ఆర్ (గేమ్ ఫ్రేముల వేగానికి తగ్గట్టు తెర మారడం), ఏఎల్‌ఎల్‌ఎం (గేమ్ పెట్టగానే టీవీ తనే గేమ్ మోడ్‌కు మారడం) ఉన్నాయేమో చూడండి. ఇవన్నీ ఏ పోర్టుకో కూడా రాసి ఉంటుంది. చాలా టీవీల్లో నాలుగు పోర్టుల్లో రెండింటికే ఫుల్ స్పీడు, ఆ రెండిట్లో ఒకటి సౌండ్‌బార్ పెట్టే ఈఆర్క్ పోర్టు. సౌండ్‌బార్ కూడా ఉంటే గేమ్‌కు మిగిలేది ఒక్క పోర్టు.

120 అసలు అవసరమా అంటే, పీఎస్5లో ఎక్కువ గేములు పర్ఫార్మెన్స్ మోడ్‌లో 60 ఫ్రేములు, రిజల్యూషన్ మోడ్‌లో 30. కొన్నిట్లో మధ్యలో 40 ఫ్రేముల మోడ్ ఉంటుంది, అది 120 హెర్ట్జ్ టీవీ మీదే పని చేస్తుంది. ఎందుకంటే 120ని 40 సరిగ్గా భాగిస్తుంది, 60ని భాగించదు. ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లకు బదులు 25కే మారుతుంది. ఆ తేడా చేతికి తెలుస్తుంది. పీఎస్5లో వీఆర్‌ఆర్ కూడా 120 హెర్ట్జ్ హెచ్‌డీఎంఐ 2.1 టీవీ మీదే, అదీ 48 నుంచి 120 మధ్య. 55లో నిజమైన 120 ప్యానెల్ పండగ సేల్‌లో మీ బడ్జెట్ దగ్గరికి వస్తే తీసుకోండి. రాకపోతే మంచి 60 హెర్ట్జ్ 55 తీసుకోండి, మోషన్ రేట్ డబ్బాలకు మాత్రం అదనంగా పైసా కట్టబాకండి.

కన్సోల్: సిరీస్ ఎస్ టార్గెట్ 1440పీ, అంటే 4కే కంటే తక్కువ. 512 జీబీలో గేములకు మిగిలేది 364. పెద్ద గేములు మూడు నాలుగు పట్టేసరికి నిండిపోద్ది. డిస్క్ డ్రైవ్ లేదు, పాత డిస్కులు కొనడం, అమ్మడం ఉండదు. మీకు సినిమాలు కూడా కావాలంటున్నారు కాబట్టి పీఎస్5 డిస్క్ మోడల్ మేలు. 4కే బ్లూరే కూడా ఆడుతుంది. డిజిటల్ స్లిమ్ కొని తర్వాత డ్రైవ్ తగిలించుకోవచ్చు గానీ, తగిలించినప్పుడు ఒకసారి నెట్ కావాలి. డాల్బీ విజన్‌లో (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్‌లో ఒక రకం) గేములు ఆడాలంటే మాత్రం ఎక్స్‌బాక్సే, పీఎస్5లో ఆ వసతి లేదు.

జవాబు (ఒంగోలు, టీవీ సర్వీసు)
పైన చెప్పింది ఒప్పుకుంటా, ఒక్కటి కలుపుతా. 8 అడుగుల దూరంలో పిక్సెళ్ల కంటే వెలుతురే ముఖ్యం. చవక టీవీల్లో హెచ్‌డీఆర్ అని లోగో వేస్తారు, బ్రైట్‌నెస్ 300 నిట్ల (వెలుతురు కొలత) లోపే. అట్టాంటి దాంట్లో హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే బొమ్మ ఇంకా మసకబారుతుంది. లోకల్ డిమ్మింగ్ (తెరలో నల్లగా ఉండాల్సిన చోటే వెలుగు తగ్గించడం) ఉండి 600 నిట్లు దాటితేనే హెచ్‌డీఆర్ మాట ఎత్తాలి. బడ్జెట్‌లో 120 హెర్ట్జ్ ఒకటి, వెలుతురు ఒకటి, రెంటిలో ఒకదాన్నే ఎంచుకోవాల్సొస్తే మీ ఇంటికి వెలుతురు.

టీవీ వచ్చిన రోజు డెలివరీ మనిషి ఉండగానే డబ్బా విప్పించి, ఆన్ చేసి, తెల్ల తెర, నల్ల తెర చూపించమనండి. పగులు తర్వాత కనిపిస్తే వారంటీలో రాదు.

జవాబు (చీమకుర్తి)
కరెంటు గురించి ఎవరూ రాయలేదేం. ఆడేటప్పుడు పీఎస్5 దాదాపు 200 వాట్లు, 55 టీవీ ఇంకో 100 నుంచి 150. మీ ఇన్వర్టర్ మోస్తుంది. కాకపోతే మూడు సంగతులు. టీవీ సాకెట్ అసలు ఇన్వర్టర్ లైన్లో ఉందా? చాలా ఇళ్లల్లో ఫ్యాన్లు, లైట్లే ఉంటాయి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ (కరెంటు పోగానే వేగంగా బ్యాటరీకి మారేది) స్విచ్ ఉంటే ఆ వైపు పెట్టండి, లేకపోతే మారే క్షణంలో కన్సోల్ ఆరిపోవచ్చు, గేమ్ సేవ్ చేస్తా ఉంటే ఆ ఫైలు పాడవొచ్చు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (కరెంటు నునుపైన అలలా రాని చవక రకం) అయితే కన్సోల్ కోసం విడిగా చిన్న యూపీఎస్ కొనుక్కోవడం మేలు.

ఎక్కువ ప్రమాదం తక్కువ వోల్టేజీది కాదు. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) తెగితే త్రీఫేజ్ లైన్లో మీ ఇంటికి 400 వోల్ట్ల దాకా రావొచ్చు. బోర్డులో ఓవర్ వోల్టేజ్ కటాఫ్ ఒకటి పెట్టించుకుంటే టీవీ, ఫ్రిజ్ అన్నీ బతుకుతాయి. మామూలు టీవీలకు 100 నుంచి 240 దాకా నడిచే సప్లై ఉంటుంది, దానికి స్టెబిలైజర్ వేసినా ఈ రకం దెబ్బ ఆగుతుందనే నమ్మకం లేదు. ఉరుములప్పుడు ప్లగ్ పీకడమే కాదు, డిష్ నుంచి వచ్చే కోయాక్స్ వైరు, నెట్ వైరు కూడా పీకాలి. పిడుగు అటునుంచి కూడా లోపలికొస్తుంది, అప్పుడు హెచ్‌డీఎంఐ పోర్టు కూడా పోవచ్చు.

పీఎస్5 నడవాల్సిన గది వేడి 5 నుంచి 35 డిగ్రీలని కంపెనీ లెక్క. మే నెలలో మన హాలు అంతకు మించి ఉంటుంది. తలుపులున్న టీవీ యూనిట్ అరలో పెట్టొద్దు, చుట్టూ 10 సెంటీమీటర్లు వదలండి. చీమకుర్తి గ్రానైట్ దుమ్ము లాంటిది పడే చోట నెలనెలా వెనక గాలి రంధ్రాల దగ్గర వాక్యూమ్ పెట్టాలి, పక్క ప్లేట్ తీస్తే లోపల దుమ్ము పట్టుకునే రంధ్రాలు ఉంటాయి.

కావలి
కొన్నానన్నా, 55, నిజమైన 120 హెర్ట్జ్, ఎదురుగానే కూర్చుంటాం కాబట్టి వీఏ. కానీ రెండు సమస్యలు. గేమ్ ఆడతా ఉంటే ఐదారు నిమిషాలకోసారి తెర రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తా ఉంది. రంగులు కూడా వెలిసినట్టున్నాయి. కేబుల్ గోడలో పైపు వేసి తెచ్చాను, పొడవు 5 మీటర్లు.

జవాబు (నెల్లూరు, గేమింగ్)
నల్లబడేది కేబుల్ వల్లే. 4కే 120కి డేటా దాదాపు రెట్టింపు వెళ్లాలి, రాగి కేబుల్ 3 మీటర్లు దాటితే తడబడుతుంది. ఖాయం చేసుకోవాలంటే సెట్టింగ్స్, స్క్రీన్ అండ్ వీడియో, వీడియో అవుట్‌పుట్‌లోకి వెళ్లి 120 హెర్ట్జ్ అవుట్‌పుట్ ఆఫ్ చేసి ఆడండి. నల్లబడడం ఆగితే కేబుల్ నేరమే. అక్కడే 4కే ట్రాన్స్‌ఫర్ రేట్‌ను ఒక మెట్టు దించినా నిలబడుతుంది, కానీ అది కట్టు కట్టడమే, వైద్యం కాదు. పెట్టెతో వచ్చిన పొట్టి కేబుల్‌తో టీవీ పక్కనే పెట్టి ఒకసారి చూడండి.

గోడలోంచే రావాలంటే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ కొనాలి, "అల్ట్రా హై స్పీడ్" క్యూఆర్ లేబుల్ ఉన్నది. దానికి దిక్కు ఉంటుంది: "సోర్స్" అని రాసిన కొస కన్సోల్‌కు, "డిస్‌ప్లే" కొస టీవీకి. తిరగేసి పెడితే బొమ్మే రాదు. పైపులో లాగేటప్పుడు వంపు దగ్గర మడత పడనివ్వొద్దు, లోపలిది గాజు.

వెలిసిన రంగులకు రెండు చూడండి. టీవీలో ఆ పోర్టుకు విడిగా సెట్టింగ్ ఉంటుంది, ఒక్కో బ్రాండులో ఒక్కో పేరు: సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్ (ఎన్‌హాన్స్‌డ్ పెట్టాలి), శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో డీప్ కలర్. అది ఆన్ చేయకపోతే టీవీ 120, హెచ్‌డీఆర్ రెండూ తీసుకోదు. తర్వాత పీఎస్5లో ఆర్‌జీబీ రేంజ్ ఆటోమేటిక్ పెట్టి, టీవీ బ్లాక్ లెవెల్ కూడా ఆటోలో ఉంచండి. పీఎస్5 లిమిటెడ్‌లో, టీవీ ఫుల్‌లో ఉంటే నలుపు బూడిదవుతుంది. హెచ్‌డీఆర్‌ను "సపోర్ట్ ఉన్నప్పుడు" అన్న ఆప్షన్‌లో పెట్టండి, మామూలు గేములకు బలవంతంగా పులమదు. చివరికి వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే టీవీకి ఏ రిజల్యూషన్, ఎన్ని హెర్ట్జ్ పోతోందో లైన్ల వారీగా రాసి ఉంటుంది.

జవాబు (ఒంగోలు, టీవీ సర్వీసు)
మార్పులు చేసేటప్పుడు తెర నల్లబడి రాకపోతే కంగారొద్దు. పీఎస్5 పూర్తిగా ఆపి, పవర్ బటన్ రెండో బీప్ వచ్చేదాకా, అంటే ఏడు సెకన్లు నొక్కి వదలండి. సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌ను యూఎస్‌బీ వైరుతో తగిలించి వీడియో అవుట్‌పుట్ మార్చే రెండో ఆప్షన్‌లో రిజల్యూషన్ దించండి. హెచ్‌డీఎంఐ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు రెండు వైపులా ప్లగ్ ఆపాకే ముట్టుకోండి. టీవీ, కన్సోల్ రెండిటికీ సాధారణంగా రెండు పిన్నుల వైర్లే, ఎర్త్ ఉండదు. డిష్ వైరు తగిలించి ఉన్నప్పుడు లోహం ముట్టుకుంటే జివ్వుమనేది అదే, పోర్టు చిప్‌ను కూడా అదే కాలుస్తుంది.

కావలి
పొట్టి కేబుల్‌తో నల్లబడడం పోయింది, రంగులు కూడా సర్దుకున్నాయి. ఆప్టికల్ ఆర్డర్ పెట్టాను. అమ్మవాళ్లకు డిష్‌లో బొమ్మ మాత్రం మసకగా ఉంది.

జవాబు (ఒంగోలు, టీవీ సర్వీసు)
ఆ పోర్టును గేమ్ మోడ్‌లో పెట్టేశావేమో చూడు. గేమ్ మోడ్ కన్సోల్ పోర్టుకు మాత్రమే ఉండాలి, డిష్ పోర్టుకు స్టాండర్డ్. డిష్ బాక్సు సెట్టింగుల్లో అవుట్‌పుట్ 1080ఐ పెట్టు, సాధారణ ఎస్‌డీ చానెళ్లకు షార్ప్‌నెస్ దించు. పెంచేకొద్దీ అంచులకు తెల్లగీతలొస్తాయి. చానెల్ ప్యాక్‌లో హెచ్‌డీ వెర్షన్ ఉంటే అదే పెట్టించు, ఎస్‌డీ బొమ్మను ఏ 55 టీవీ అయినా బాగుచేయలేదు.