సముద్రపు గాలి తగిలే ఇంటి సింహద్వారానికి ఇత్తడి సామానా, స్టెయిన్‌లెస్ స్టీలా?

అల్లవరం గృహస్థు:
అల్లవరం మండలంలో, సముద్రానికి బాగా దగ్గరగా, మేము కట్టుకుంటున్న ఇల్లు చివరి పనులకు వచ్చింది. సింహద్వారానికి ఒంటి రెక్క టేకు తలుపు సిద్ధమైంది. దాని ఎత్తు ఏడడుగులు, వెడల్పు మూడున్నర అడుగులు, మందం ఒకటిన్నర అంగుళాలు. బందులు, గడియలు, పిడి, తాళం ఏ లోహంతో తీసుకోవాలన్న దగ్గర ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఇత్తడి తప్ప మరొకటి గడప దగ్గరికి రానివ్వనని నాన్నగారు అంటున్నారు. అంతకంటే తక్కువ ధరకే స్టెయిన్‌లెస్ స్టీలు వస్తుందని, దానికి తుప్పు పట్టదని మా బావగారు అంటున్నారు. ఉప్పుగాలిలో ఈ రెండింటినీ వాడి చూసినవారు కారణాలతో సహా చెబితే మేలు చేసినవారవుతారు.

తణుకు ఇత్తడి అభిమాని:
మీ నాన్నగారి మాటే సబబని నా అభిప్రాయం. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. అందులో ఇనుము లేదు కనుక ఎర్రతుప్పు పట్టే ప్రసక్తే లేదు. గాలికి నల్లబడుతుంది, ఉప్పు తగిలితే ఆకుపచ్చ చిలుము పడుతుంది, చింతపండుతో తోమితే మళ్ళీ మెరుస్తుంది. కోనసీమలోని పాత మండువా లోగిళ్ళలో తాతల కాలం నాటి ఇత్తడి గొళ్ళేలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. మా ఊరికి దగ్గరలోని అజ్జరంలో ఇత్తడి పనే జీవనంగా బతికిన కుటుంబాలున్నాయి. అక్కడ పోత పోసిన వస్తువును ఒకసారి చేతిలోకి తీసుకుంటే ఆ బరువే వేరని తెలుస్తుంది.

అయితే కొనేటప్పుడు కళ్ళు తెరిచి కొనాలి. జింకు మిశ్రమానికి బంగారు రంగు పూత వేసి ఇత్తడి పేరుతో అంటగట్టే దుకాణాలున్నాయి. అయస్కాంతం ఇక్కడ సాయపడదు, ఎందుకంటే అది ఇత్తడికీ అంటుకోదు, జింకు మిశ్రమానికీ అంటుకోదు. స్క్రూ రంధ్రం వెనుకవైపు, ఎవరికీ కనిపించని చోట, ఆకురాయితో ఒక్క గీత గీయనివ్వమని అడగండి. లోపల కూడా పసుపుపచ్చగా ఉంటే ఇత్తడి, తెల్లగా వెండిరంగులో కనిపిస్తే పూత సరుకు. గీయనివ్వని దుకాణంలో కొనకండి.

కాకినాడ లోహశాస్త్ర విద్యార్థి:
పైవారి ఆకురాయి పరీక్షతో నాకు పేచీ లేదు. ఇత్తడికి ఏమీ కాదన్న మాటతోనే ఉంది. ఉప్పు, తేమ కలిసి చాలాకాలం నిలిచే చోట ఇత్తడిలోని జింకు మెల్లగా బయటికి పోయి, బోలుగా మారిన రాగి మిగులుతుంది; పైకి ఆకారం అలాగే ఉంటుంది గాని బలం ఉండదు. పశువులపాక పక్కనో, కోళ్ళఫారం పక్కనో ఇల్లు ఉంటే అమ్మోనియాతో మరో ముప్పు. బిగుతులో ఉన్న ఇత్తడి ముక్క అమ్మోనియా సోకితే నిట్టనిలువునా పగులుతుంది. బ్రిటిష్‌వారి కాలంలో మన దేశంలోనే, వానాకాలం గుర్రపుశాలల్లో నిలవచేసిన ఇత్తడి తూటా గొట్టాలు ఇలా పగిలిపోయేవి. దానికి అమ్మోనియాయే కారణమని 1921లో తేల్చి చెప్పారు.

ఇక మీ బావగారి మాట కూడా పూర్తిగా నిజం కాదు. స్టెయిన్‌లెస్ స్టీలులో రకాలున్నాయి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316 రకంలో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ చేసే సూదిమొన గుంటలను అడ్డుకునేది ప్రధానంగా ఇదే. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. అది చవక, కానీ సముద్రపు ఒడ్డున గోధుమరంగు మచ్చలు త్వరగా వస్తాయి. దుకాణదారు అయస్కాంతం పెట్టి “చూడండి, అంటుకోవడం లేదు” అని చూపిస్తే నమ్మకండి. 202 కూడా అంటుకోదు కనుక ఆ పరీక్షతో 304ను వేరు చేయలేము. రకం పేరు బిల్లు మీద రాయించుకోవడమే మార్గం. అల్లవరం అన్నారు కనుక బయటివైపు సామానుకు 316, లోపలివైపుకు 304 నా సలహా.

పాలకొల్లు వడ్రంగి గారబ్బాయి:
ఇద్దరు పెద్దలూ లోహం గురించి చక్కగా చెప్పారు గాని, తలుపు చెడేది ముందుగా ఎక్కడో ఎవరూ ప్రస్తావించలేదు. మా నాన్నగారి వెంట పనికి వెళ్ళినంతకాలం నేను చూసినది ఏమిటంటే, పిడి పాడైందని మమ్మల్ని పిలిచినవారు అరుదు. తలుపు వాలి గడపకు రాసుకుంటోందని, గడియ రంధ్రంలోకి దిగడం లేదని పిలిచినవారే ఎక్కువ. అలాంటి చోట విప్పి చూస్తే బందు బాగానే ఉండేది, స్క్రూలు మాత్రం చచ్చిపోయి ఉండేవి.

ఈ కొలతల తలుపు లెక్క వేయండి. టేకు ఘనమీటరుకు దాదాపు 650 కిలోలు తూగుతుందనుకుంటే రెక్క ఒక్కటే 50 కిలోలు దాటుతుంది. పై బందుకూ కింది బందుకూ మధ్య అయిదున్నర అడుగుల దూరం ఉంటే, ఆ బరువు పై బందును ద్వారబంధం నుంచి సుమారు 18 కిలోల బలంతో ఎల్లవేళలా లాగుతూ ఉంటుంది. ఆ లాగుడు పడేది నాలుగైదు స్క్రూల మరల మీద. అందుకే మూడో బందును నట్టనడుమ కాకుండా పైదానికి దగ్గరగా దింపమని మా నాన్నగారు అనేవారు.

ఇప్పుడు పని జరిగే తీరు చూడండి. స్క్రూను ముప్పాతిక వంతు సుత్తితో కొట్టి, చివర రెండు చుట్లు తిప్పి, అయిపోయిందంటారు. కొట్టిన స్క్రూకు చెక్కలో మర పడదు. అది మేకుతో సమానం. ఇత్తడి స్క్రూ అయితే మరీ జాగ్రత్త కావాలి, లోహం మెత్తన కనుక గట్టి టేకులో తల తెగి లోపలే ఉండిపోతుంది. ముందు సన్నని రంధ్రం వేసి, అదే కొలత ఇనుప స్క్రూను ఒకసారి దింపి తీసేసి, అప్పుడు కొవ్వొత్తి మైనం రాసిన ఇత్తడి స్క్రూను చేతితో బిగించాలి. ఇత్తడి బందుకు మామూలు ఇనుప స్క్రూలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడనివ్వకండి, ఎందుకంటే ఉప్పుతేమలో రెండు లోహాలు తాకినప్పుడు చిన్నదైన ఇనుమే ముందుగా అరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూ వేస్తే ఆ బాధ దాదాపు ఉండదు.

కనుక నా తీర్పు ఇది: బరువు మోసేవన్నీ, అంటే బందులు, స్క్రూలు, పై గడియ, కింది గడియ, స్టెయిన్‌లెస్ స్టీలులో తీసుకోండి. చేతికి తగిలేవి, కంటికి కనిపించేవి నాన్నగారి ముచ్చట ప్రకారం ఇత్తడిలో తీసుకోండి. పిడికీ బందుకూ మధ్య మూడడుగుల చెక్క ఉంది కనుక ఒకదాని వల్ల మరొకటి చెడదు.

తణుకు ఇత్తడి అభిమాని:
వెండిరంగు బందు, పసుపురంగు పిడి ఒకే తలుపు మీదనా? చూసేవారు నవ్వరా? అయినా మంచి ఇత్తడి బందుల్లో కీలు మధ్య స్టీలు కడ్డీ, అరుగుడు తట్టుకునే వాషర్లు ఉండేవి దొరుకుతాయి. వెతికే ఓపిక ఉండాలి అంతే.

పాలకొల్లు వడ్రంగి గారబ్బాయి:
తలుపు మూసినప్పుడు బందు కీలు తప్ప ఏమీ కనిపించదు బాబాయిగారూ. మీరు చెప్పిన కడ్డీ, వాషర్లు ఉన్న ఇత్తడి బందు దొరికితే నాకు అభ్యంతరం లేదు. దొరకకపోతే ఉత్త ఇత్తడి బందును మాత్రం ఇంత బరువైన రెక్కకు వేయను, కీలు ఒకదానిపై ఒకటి రాసుకుని అరుగుతుంది.

అమలాపురం అద్దెదారు:
ఈ రోజుల్లో వేలిముద్రతో తెరుచుకునే డిజిటల్ తాళాలు వచ్చాయి కదా, తాళంచెవి బాధే ఉండదు. వాటి గురించి ఎవరూ ఎందుకు మాట్లాడటం లేదు?

కాకినాడ లోహశాస్త్ర విద్యార్థి:
వానాకాలం తేమకు చెక్క ఉబ్బి, గడియ రంధ్రానికి ఒరుసుకున్నప్పుడు మనిషైతే భుజంతో నెట్టి తిప్పుతాడు, లోపలి చిన్న మోటారుకు ఆ శక్తి ఉండదు. పెట్టుకోవాలనుకుంటే తాళంచెవి దారి కూడా ఉన్నదే తీసుకోండి. ఇంతకు మించి ఈ చర్చలో దానికి చోటివ్వనవసరం లేదనుకుంటాను.

లంక రైతు:
మాది గోదావరి పాయల నడుమ లంక గ్రామం. 1986 ఆగస్టు వరద సంగతి పెద్దలు ఇప్పటికీ చెబుతారు, 2022 జులైలో వచ్చినది మేమే చూశాము. నీరు తీసిన తరువాత తలుపు చెక్క లోపల దాగి ఉండే మోర్టైస్ తాళంలో ఒండ్రు గట్టిపడిపోతుంది. విప్పి కడగాలంటే వడ్రంగి రావాలి, అప్పుడు వడ్రంగి ఒక్కడు, ఇళ్ళు నూరు. పైకి బిగించిన ఆల్‌డ్రాప్ (అడ్డంగా జరిపి కప్పతాళం వేసుకునే పొడవాటి గడియ), దానికి కప్పతాళం ఉన్న ఇంట్లో బిందెడు మంచినీళ్ళు పోసి, చుక్క నూనె వేస్తే సరిపోయింది. గాలివాన విషయంలోనూ ఇదే మాట చెబుతాను. నడుమ ఒక్క తాళంతో నిలిచిన తలుపు పైనా కిందా కొట్టుకుంటుంది, పైన కింద గడియలున్నది కదలదు. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమ వారికి ఇది వివరించనక్కరలేదు. ఇత్తడా స్టీలా అన్నది మీ ఇష్టం, కానీ సామాను విప్పి కడగడానికి వీలుగా ఉండాలి.

భీమవరం టైల్స్ మేస్త్రి:
ఒక్క సంగతి. కొత్త ఇంట్లో స్టెయిన్‌లెస్ సామాను నెల తిరగకుండా మచ్చలు పడిందని దుకాణం మీదికి గొడవకు వెళతారు. చాలాసార్లు అది మా పని వల్లే జరుగుతుంది. టైల్స్ మీద సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడుగుతాము, ఆ పొగ గది అంతా నిండుతుంది. ఆ యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే కనుక దాని ఆవిరి 304ను కూడా వదలదు. యాసిడ్ కడుగుడు పూర్తయి, తలుపులు తీసి గాలి ఆడి, నేల మంచినీటితో కడిగిన తరువాతే గడియలు బిగించుకోండి. ఈలోగా తలుపుకు తాడు కట్టుకుంటే చాలు.

అల్లవరం గృహస్థు:
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. బందులు, గడియలు, స్క్రూలు స్టెయిన్‌లెస్ 316లో తీసుకోవడానికి ఒప్పుకున్నారు; పిడి, గొళ్ళెం మాత్రం అజ్జరం వెళ్ళి స్వయంగా చూసి తెస్తానన్నారు. మోర్టైస్ తాళం మానుకుని ఆల్‌డ్రాప్ పెడుతున్నాము. మేస్త్రిగారు చెప్పినట్టు యాసిడ్ కడుగుడు ముగిశాకే వడ్రంగిని రమ్మన్నాము. ఒక సందేహం మిగిలింది: మా ఇంట్లో శుక్రవారం గడప కడిగి పసుపు రాస్తారు, ఆ నీరంతా కింది గడియ రంధ్రంలోకి దిగుతుంది. అక్కడ ఏం చేయాలి?

పాలకొల్లు వడ్రంగి గారబ్బాయి:
గడపకు వేసే రంధ్రాన్ని మధ్యలో ఆపకుండా, నీరు దిగిపోయేటట్టు గడప అడుగుభాగం దాకా తొలిపించి, అందులో స్టెయిన్‌లెస్ గొట్టం ముక్క దించమనండి. రాతి గడప అయితే రంధ్రం కాస్త వెడల్పుగా వేయించి, వారానికొకసారి చీపురుపుల్లతో పసుపు ముద్ద తీసేయాలి. కింది గడియ కడ్డీ గడపలోకి ముప్పాతిక అంగుళం దిగితే చాలు, అంతకంటే లోతు పెడితే ఆ చెమ్మంతా కడ్డీకే.