బోట్స్వానా: 58 ఏళ్లు ఏలిన పార్టీ 2024లో ఎందుకు ఓడిపోయింది?

డిగ్రీ_ఆఖరి_ఏడు అడిగారు:

నేను రాజనీతిశాస్త్రం చదువుతున్నాను. సెమినార్ కోసం ఒక ఆఫ్రికా దేశపు జనం, ప్రభుత్వం, ఆర్థిక వ్యవస్థ గురించి మాట్లాడాలి. బోట్స్వానాను ఎంచుకున్నాను. ఎక్కడ చదివినా వజ్రాల సొమ్మును వృథా చేయని దేశం, అంతర్యుద్ధం ఎరగని దేశం, స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి ఎన్నికలు తప్పని దేశం అనే ఉంది. అలాంటప్పుడు 1966 నుంచి ప్రతి ఎన్నికా గెలుస్తూ వచ్చిన బోట్స్వానా డెమోక్రటిక్ పార్టీ 2024 అక్టోబరులో 61 స్థానాలకు 4 దగ్గర ఎందుకు ఆగిపోయింది? అంత బాగా నడిపినవాళ్లను జనం అంతగా ఎందుకు కాదన్నారు? అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

గాబరోన్_ఆడిటర్ జవాబు:

చాలా ఏళ్లు రాజధాని గాబరోన్‌లో ఆడిట్ పని చేశాను. పిల్లల చదువు అక్కడే సాగింది. ఆ దేశం మీద నాకున్న అభిమానాన్ని దాచుకోను.

మొదట జనం సంగతి. నేల 5,81,000 చదరపు కిలోమీటర్ల పైన ఉంటే, 2022 జనగణనలో మనుషులు 24 లక్షలలోపే తేలారు. చాలా భాగం కలహారి ఎడారి. ఊళ్లు ఎక్కువగా తూర్పు అంచున, రైలు మార్గం వెంబడే ఉంటాయి. ఉద్యోగం గాబరోన్‌లో చేసినా మనిషి లెక్కలో ఇంకా మూడు చోట్లు ఉంటాయి: సొంత ఊరు, దూరంగా పొలం, ఇంకా దూరంగా పశువుల మంద ఉండే చోటు. నెలాఖరు శుక్రవారం సాయంత్రం ఎ1 రోడ్డు మీద ఉత్తరానికి, మహలాప్యే, పలాప్యే వైపు బారులు తీరే కార్లను చూస్తే ఇది అర్థమవుతుంది. నా కింద పనిచేసిన కుర్రాళ్లలో చాలామంది మొదటి జీతాలతో కొన్నది ఆవులనే.

ఊరి మధ్యలో ఖోట్లా ఉంటుంది. అర్ధచంద్రాకారంలో పాతిన కొయ్యల కంచె, దాని ముందు ఖోసి, అంటే ఊరి పెద్ద. మంత్రి వచ్చినా అక్కడే నిలబడి చెప్పాలి, ఎవరైనా లేచి అడగవచ్చు. నేను చూసిన ఒక సమావేశంలో ఒక ముసలావిడ నీటి గొట్టం గురించి అధికారిని పట్టుకుని చాలాసేపు కూర్చోనివ్వలేదు. ఎవరూ ఆమెను ఆపలేదు. చిన్న తగాదాలు ఈనాటికీ అక్కడి సంప్రదాయ కోర్టుల్లోనే తేలుతాయి. మాట్లాడే హక్కు ఆ దేశానికి రాజ్యాంగంతో కొత్తగా రాలేదని నా గట్టి అభిప్రాయం.

ఇక వజ్రాలు. స్వాతంత్ర్యం 1966 సెప్టెంబరు 30న వచ్చింది. అంతకుముందు బ్రిటిష్‌వాళ్లు ఈ దేశాన్ని దేశం బయట ఉన్న మఫెకింగ్ నుంచి పాలించారు. గాబరోన్‌ను రాజధానిగా కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. 1967లో ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి. ఆ నేల బాంగ్వాటో తెగది, అప్పటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా ఆ తెగ రాజవంశీకుడే. అయినా అదే ఏడాది వచ్చిన చట్టంతో భూగర్భ సంపద తెగల చేతి నుంచి దేశం చేతికి మారింది. నా దృష్టిలో ఆ దేశ చరిత్రలో ఇంతకు మించిన నిర్ణయం లేదు. వజ్రాలు ఒక తెగ సొత్తుగా మిగిలి ఉంటే తర్వాతి కథ మరోలా ఉండేది.

వజ్రాల కంపెనీ డి బీర్స్‌తో కలిసి పెట్టిన డెబ్‌స్వానాలో ప్రభుత్వ వాటా 15 శాతంతో మొదలై, 1970ల నడుమకు సగానికి చేరింది. పన్ను, రాయల్టీ, డివిడెండు కలిపితే లాభంలో దాదాపు 80 శాతం ఖజానాకే. ఆ డబ్బుతో బడులు, ఆసుపత్రులు, రోడ్లు వచ్చాయి. మిగిలినది దాచడానికి 1994లో పూలా ఫండ్ పెట్టారు. పూలా వాళ్ల కరెన్సీ పేరే.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు వస్తాను. గని డబ్బు ఇస్తుంది, కొలువులు ఇవ్వదు. జ్వానెంగ్ ప్రపంచంలోనే అత్యంత విలువైన వజ్రాల గనుల్లో ఒకటి, కానీ అక్కడ పని భారీ యంత్రాలది. ఎగుమతుల్లో దాదాపు 80 శాతం వజ్రాలే అయినా, వాటిలో నేరుగా పనిచేసేవాళ్లు కొన్ని వేలమందే. ప్రభుత్వం ఖర్చుపెట్టి డిగ్రీలు చదివించిన పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని మా ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడేవారు. ఒక్క గుమాస్తా పోస్టుకు వచ్చిన దరఖాస్తులు చూస్తే గుండె తరుక్కుపోయేది. 2024 మొదట్లో నిరుద్యోగం 27 శాతం దాటింది, యువతలో ఇంకా ఎక్కువ.

అదే సమయానికి ప్రయోగశాలల్లో తయారుచేసిన వజ్రాలు చౌకగా మార్కెట్‌ను ముంచెత్తాయి, అమెరికాలో, చైనాలో గిరాకీ తగ్గింది. డెబ్‌స్వానా తవ్వకం 2023లో దాదాపు 2.46 కోట్ల క్యారట్లుంటే, 2024లో 1.8 కోట్లకు పడిపోయింది. ఆ ఏడు ఆర్థిక వ్యవస్థే దాదాపు 3 శాతం కుంచించుకుపోయింది. కాంట్రాక్టర్ల బిల్లులు నెలల తరబడి ఆగాయి. మేము లెక్కలు చూసే చిన్న కంపెనీల్లో ఆ దెబ్బ ముందే కనిపించింది: రావలసిన బాకీల పట్టీ పెరుగుతూ పోయింది, జీతాల పట్టీలో పేర్లు తగ్గుతూ వచ్చాయి.

ఇంకో సంగతి, ఇది నీ సెమినార్‌లో తప్పకుండా చెప్పు. అక్కడ నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుస్తాడు. 2014లో పాలక పార్టీకి సగం ఓట్లు కూడా రాలేదు, అయినా 57లో 37 స్థానాలు దక్కాయి, ఎందుకంటే ప్రతిపక్షం చీలి ఉంది. 2024లో దాదాపు 30 శాతం ఓట్లు వచ్చినా మిగిలినవి 4. దశాబ్దాలుగా వాళ్లను మోసిన పద్ధతే ఈసారి వాళ్లను పడగొట్టింది. కాబట్టి 4 అనే అంకె చూసి జనం మొత్తం వాళ్లను వెలివేశారనుకోవద్దు.

పూర్తి ఫలితాలు రాకముందే అధ్యక్షుడు మసీసీ ఓటమి ఒప్పుకున్నారు. నవంబరు 1న ప్రతిపక్ష కూటమి నేత డూమా బోకో అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. వీధిలో సైన్యం లేదు, ఒక్క కిటికీ పగల్లేదు. మా పక్కింటాయన జీవితాంతం పాత పార్టీ మనిషి. ఆ ఉదయం ముఖం వేలాడేసుకున్నా, గేటు దగ్గర ఎదురైనప్పుడు ‘దుమేలా రా’ (నమస్కారమండీ) అని ఎప్పటిలాగే పలకరించి పనికి వెళ్లాడు.

వార్డు_నర్సు జవాబు:

ఆడిటర్ గారు ఆరోగ్యం సంగతి వదిలేశారు, అది లేకుండా బోట్స్వానా పరిచయం పూర్తికాదు. నేను అక్కడ ఆసుపత్రిలో పనిచేశాను. 2000 ప్రాంతంలో హెచ్‌ఐవీ ఆ దేశాన్ని దాదాపు తుడిచిపెట్టేలా ఉండేది, సగటు ఆయుర్దాయం 50 ఏళ్ల కిందికి పడింది. అధ్యక్షుడు ఫెస్టస్ మొగాయె దాన్ని దాచలేదు. 2002లో ఆఫ్రికాలోనే మొదటిసారిగా ప్రభుత్వం దేశవ్యాప్తంగా ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. తల్లి నుంచి బిడ్డకు సోకడం ఇప్పుడు చాలా అరుదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని గుర్తించి వెండి స్థాయి ధ్రువీకరణ ఇచ్చింది. ప్రసూతి వార్డులో హెచ్‌ఐవీ ఉన్న తల్లి చేతికి ‘బిడ్డకు లేదు’ అనే రిపోర్టు ఇవ్వడం కన్నా నాకు సంతోషమైన పని ఇంకోటి లేదు.

వజ్రాల డబ్బు తగ్గితే ఏమవుతుందో కూడా ఆసుపత్రిలోనే మొదట తెలుస్తుంది. మందులు, సామగ్రి కొరత వల్ల 2025 ఆగస్టులో బోకో ప్రభుత్వం ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. పార్టీ మారినంత మాత్రాన ఖజానా నిండదు కదా.

ఎడారి_దారి జవాబు:

ఇద్దరూ బాగా చెప్పారు, కానీ బసార్వాల మాట ఎవరూ ఎత్తలేదు. సాన్ అని పుస్తకాల్లో కనిపించేది వాళ్లే, కలహారిలో అందరికన్నా ముందు నుంచి ఉన్నవాళ్లు. 1997లో, మళ్లీ 2002లో వాళ్లను సెంట్రల్ కలహారి అభయారణ్యం నుంచి బయటి కాలనీలకు తరలించారు. 2006 డిసెంబరులో హైకోర్టు అది చట్టవిరుద్ధమంది. లోపల బోరుబావి వాడుకోవడానికి 2011 దాకా ఇంకో కోర్టు పోరాటం చేయాల్సి వచ్చింది. ‘అందరి మాటా చెల్లే దేశం’ అని సెమినార్‌లో చెప్పేటప్పుడు ఈ పేజీ చింపేయవద్దు తమ్ముడూ.

గాబరోన్_ఆడిటర్:

ఎడారి_దారి చెప్పింది నిజం, తప్పకుండా చేర్చాల్సిందే. ఒక్కటి మాత్రం కలుపుతాను: ప్రభుత్వం మీద వాళ్లు సొంత దేశపు కోర్టులోనే గెలిచారు. తీర్పు అమలులో ప్రభుత్వం మొండికేసింది, అది సిగ్గుపడాల్సిన విషయమే. రెండూ రాయి.

డిగ్రీ_ఆఖరి_ఏడు:

అందరికీ కృతజ్ఞతలు. రెండు చిన్న సందేహాలు. అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకుంటారా? కొత్త ప్రభుత్వం వజ్రాల ఒప్పందం ఏమైనా మార్చిందా?

గాబరోన్_ఆడిటర్:

నేరుగా కాదు. ప్రతి పార్లమెంటు అభ్యర్థీ తాను ఏ అధ్యక్ష అభ్యర్థి పక్షమో ముందే చెప్పి పోటీచేస్తాడు. 61 నియోజకవర్గాల్లో సగానికి పైగా, అంటే 31 ఎవరి పక్షానికి వస్తే ఆయనే అధ్యక్షుడు. బోకో కూటమికి 36 వచ్చాయి. పెద్దల సభ ఇంకొకటి ఉంది, న్ట్లో యా డిఖోసి. ఖోసీలు అందులో సలహా ఇస్తారు, చట్టాన్ని ఆపలేరు.

ఒప్పందం 2025 ఫిబ్రవరిలో కుదిరింది. డెబ్‌స్వానా తవ్విన రాళ్లలో ప్రభుత్వ కంపెనీ మొదటి ఐదేళ్లు 30 శాతం, తర్వాతి ఐదేళ్లు 40 శాతం సొంతంగా అమ్ముకుంటుంది. మైనింగ్ లైసెన్సులు 2054 వరకు పొడిగించారు. వాటా పెరిగింది సరే, ధర పడిపోయిన సరుకులో పెరిగిన వాటా అది. ఆ పిల్లలకు కొలువులు ఎక్కడి నుంచి వస్తాయన్నది ఈ ఒప్పందంలో లేదు, నీ సెమినార్‌లో ఎక్కువ సమయం దానికే ఇవ్వు.